అక్షరాభ్యాసం తర్వాత అద్దె నవల

వసంత పంచమి నాడు గోదావరిలో మునిగి, బాసర జ్ఞాన సరస్వతి గుడి ముందు బారులు తీరే తల్లిదండ్రుల చేతుల్లో పలకా బలపం ఉంటాయి. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచీ, పక్కనే ఉన్న మహారాష్ట్ర నుంచీ పిల్లల్ని ఎత్తుకొచ్చి ఓనమాలు దిద్దిస్తారు. అలా దిద్దిన చెయ్యి పదిహేనేళ్ల వయసులో, ఎవరూ చెప్పకుండా, తనంతట తాను ఏ పుస్తకం పట్టుకుందన్నది మన సాహిత్య చరిత్రలు పెద్దగా అడగని ప్రశ్న. జవాబు మాత్రం మన ఇళ్లలోనే ఉంది. బీరువా ముందు వరసలో భారతం, భాగవతం, శ్రీశ్రీ ఉంటారు. వెనక వరసలోనో, అటక మీది ట్రంకు పెట్టెలోనో అట్ట ఊడిన షాడో నవల, చివరి పేజీలు పోయిన డిటెక్టివ్ యుగంధర్, వారపత్రిక నుంచి చింపి బైండు చేయించిన ‘తులసిదళం’ దొరుకుతాయి. దయ్యాలు, మాంత్రికులు, పాడుబడ్డ కోటలు నిండిన ఈ చవక పుస్తకాలే తెలుగువాళ్లకు, అందులోనూ ఉత్తర తెలంగాణలో మొదటి తరం చదువరులకు, రెండో అక్షరాభ్యాసం చేశాయని నా వాదన.

తెలంగాణ పరిస్థితి వేరు. నిజాం పాలనలో బడి చదువు ఎక్కువగా ఉర్దూలోనే సాగింది. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టి, 1988కి జ్ఞానపీఠం అందుకున్న కవి సినారె కూడా ఉర్దూ మాధ్యమంలో చదివినవారే. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పుట్టింది తెలుగు పుస్తకాల కరువు తీర్చడానికే. వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. ఆ త్యాగానికి విలువ కట్టలేం. కానీ 1948 తర్వాత తెలుగు బడులు పెరిగినప్పుడు, ఇంట్లో ఒక్క పుస్తకమూ లేని పిల్లలు లక్షల్లో చదువులోకి వచ్చారు. వాళ్లకు అక్షరం వచ్చింది, చదివే అలవాటు రాలేదు. ఆ అలవాటు నేర్పినవాటిలో అద్దె పుస్తకాల దుకాణం ఒకటి. రోజు లెక్కన అద్దె కాబట్టి తెల్లారేలోగా నవల ముగించాలి. కూడబలుక్కుని చదివే కుర్రవాడు అలా వేగం నేర్చుకున్నాడు. ‘తర్వాత ఏమైంది’ అన్న ఆత్రం పెట్టే పరుగు ఏ వాచకమూ పెట్టలేదు. దేవకీనందన్ ఖత్రీ 1888 ప్రాంతంలో రాసిన ‘చంద్రకాంత’ కోసమే ఎందరో నాగరి లిపి నేర్చుకున్నారని హిందీ సాహిత్య చరిత్రకారులు గర్వంగా చెప్పుకుంటారు. మనం మాత్రం అదే మేలు చేసిన పుస్తకాలను అతిథులు వస్తే దాచేశాం.

ఇవన్నీ ఇంగ్లీషు నుంచి ఎత్తుకొచ్చినవేగా అంటారు. డిటెక్టివ్ చట్రం అటునుంచి వచ్చిన మాట నిజమే. భయమూ సాహసమూ కలిసిన కథ మాత్రం మనదే. చిలకలో ప్రాణం దాచుకున్న మాయల మరాఠీని బుర్రకథల్లో విని, 1942లో జెమినీ వారి ‘బాలనాగమ్మ’లో తెరమీద చూసిన జనం వీళ్లు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ అంతకుముందే ఉన్నాయి. 1947లో ‘చందమామ’ మొదలైంది. 1954లో అందులో వచ్చిన ‘తోకచుక్క’ నుంచి దాసరి సుబ్రహ్మణ్యం వరసగా రాసిన సీరియళ్లూ, వాటికి ‘చిత్ర’ వేసిన బొమ్మలూ ఒక తరం కలల్లోకి వెళ్లాయి. ఆ సీరియళ్ల మీద రచయిత పేరు ఉండేది కాదు. ఆ పేరు చాలామంది పాఠకులకు దశాబ్దాల తర్వాతే తెలిసింది. ‘చందమామ’ దాటిన పిల్లవాడికి డిటెక్టివ్ యుగంధర్‌ను సృష్టించిన కొమ్మూరి సాంబశివరావు, షాడో నవలలు రాసిన మధుబాబు సిద్ధంగా ఉన్నారు. 1980ల తొలినాళ్లలో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వచ్చేసరికి, ఆ భయం కోట దిగి మధ్యతరగతి ఇంటి పసిపాప మంచం దాకా వచ్చింది.

అక్కడే అసలైన అభ్యంతరం ఉంది. ‘క్షుద్ర సాహిత్యం’ అన్న ముద్ర ఊరికే పడలేదు. బాణామతి, చేతబడి నెపంతో మనుషుల్ని కొట్టి, పళ్లు ఊడగొట్టి, ప్రాణాలు తీసిన నేల ఇది. అలాంటి చోట ‘తులసిదళం’లోని క్షుద్రశక్తి కాష్మోరాను ఇంటింటి మాట చేయడం తప్పు కాదా? ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. నమ్మకానికి నవల కొత్త పేరూ కొత్త రూపమూ ఇచ్చిందని ఒప్పుకోవాలి. అయితే చేతబడి అనుమానం నవలకన్నా ఎంతో పాతది. డాక్టరు అందని రోగం, భూమి తగాదా, ఒంటరి ముసలితనం దాన్ని పెంచుతాయి. పైగా ‘తులసిదళం’లో మంత్రగాడి పక్కనే వైద్యమూ హిప్నాటిజమూ నిలబడి వాదిస్తాయి. ఆ వాదనలో రచయిత తగినంత తేల్చి చెప్పలేదనుకుంటే, అది సాహిత్య విమర్శ చేయాల్సిన పని. చదవకుండా పక్కన పెట్టేస్తే ఆ విమర్శ కూడా జరగదు.

నాకు ఇంకా బాధ కలిగించేది వేరే ఉంది. తెలంగాణ కుర్రవాణ్ణి చదువరిని చేసిన ఈ పుస్తకాల్లో అతని మాట దాదాపు లేదు. దయ్యం కూడా కృష్ణా జిల్లా తెలుగే మాట్లాడింది. చదవడం నేర్పుతూనే, తన యాస పుస్తకానికి పనికిరాదన్న సంకోచాన్నీ నేర్పాయి. ఈ లాభమూ నష్టమూ ఒకే అట్ట కింద ఉన్నాయి, ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచలేం.

ఈ లెక్క తేల్చాలంటే పుస్తకాలు మిగలాలి. కానీ అవి ఎక్కువ కాలం నిలిచేవి కావు. అమెరికాలో ఇలాంటివాటికి పల్ప్ అన్న పేరు వచ్చింది చెక్కగుజ్జుతో చేసిన చవక కాగితం వల్లే. అందులోని లిగ్నిన్ గాలికీ వెలుతురుకీ ఆమ్లంగా మారి పేజీని పసుపు చేసి, చివరికి పొడి చేస్తుంది. కుట్టిన పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. అద్దె ప్రతులు చేతులు మారి మారి అరిగిపోయాయి. కాబట్టి అటక మీది పెట్టె తూకానికి వేసే ముందు ప్రతి పుస్తకం లోపలి అట్ట చూడండి. అక్కడ దుకాణం రబ్బరు స్టాంపు, ఊరి పేరు, వరస నంబరు, తిరిగి ఇచ్చిన తేదీలు ఉండవచ్చు. బోధన్‌లోనో భైంసాలోనో నిర్మల్‌లోనో ఒక నవలను ఎందరు, ఎన్ని రోజులు చదివారో చెప్పే కాగితం బహుశా అదొక్కటే. పిన్నులు తీసి, ఎండా తేమా తగలనిచోట పెట్టి, కనీసం ఆ పేజీ ఫొటో అయినా తీసి ఉంచండి.