సలీఖా: అక్బరీ, అస్గరీల కాలం నుంచి మన బావర్చీఖానా దాకా

పెళ్లి సంబంధాల మాటలు నడిచేటప్పుడు మన ఇళ్లలో ఒక సవాల్ తప్పకుండా వస్తుంది. ఖాందాన్ అయ్యాక, చదువు అయ్యాక, ఎవరో ఒక ఖాలా గొంతు తగ్గించి అడుగుతుంది: "పిల్లకు సలీఖా ఉందా?"

ఈ మాటకు తెలుగులో ఒక్క పదం వెతికితే దొరకదు. పొందిక, పనితనం, పొదుపు, మర్యాద, ఈ నాలుగూ ఒకచోట చేరితే సలీఖా. అది ఉన్న పిల్ల "సుఘడ్". లేని పిల్ల "ఫూహడ్". మగపిల్లాడి విషయంలో ఈ సవాల్ ఎవరూ అడగరు. వాడి నౌకరీ ఏమిటి, తన్ఖా ఎంత అని మాత్రమే అడుగుతారు.

ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, ఇల్లు సర్దుకోవడం ఎలా, అక్కర్లేని సామాను వదిలించుకోవడం ఎలా, వారం రోజుల వంటకు ఒకేసారి తయారీ ఎలా అని వీడియోలే వీడియోలు. ఇదంతా కొత్త ఇల్మ్ అన్నట్టు చెబుతారు. కానీ ఈ బహస్ మన ఉర్దూలో 150 ఏళ్లకు పైగా నడుస్తోంది. అసలు ఉర్దూలో మొదటి నవల అని చాలామంది చెప్పే పుస్తకమే ఇల్లు నడపడం గురించి. ఆ పుస్తకం మన ఆడవాళ్లకు ఏమిచ్చింది, వాళ్ల భుజాల మీద ఏం మోపింది అన్నది మనం తెలుసుకోవాల్సిన తారీఖ్.

డిప్టీ సాహెబ్ రాసిన పుస్తకం

డిప్టీ నజీర్ అహ్మద్ ఢిల్లీ కాలేజీలో చదివారు. స్కూళ్ల డిప్టీ ఇన్‌స్పెక్టర్‌గా, తర్వాత డిప్టీ కలెక్టర్‌గా పనిచేశారు. ఇండియన్ పీనల్ కోడ్‌ను ఉర్దూలోకి తెచ్చినవాళ్లలో ఆయన ఒకరు. తన కూతుళ్లు చదువుకోవడానికి ఘర్ కీ జబాన్‌లో తగిన పుస్తకం దొరక్క, తానే కొంచెం కొంచెంగా రాసి ఇస్తూ పోయారు. అదే 1869లో అచ్చయిన 'మిరాతుల్ ఉరూస్'. అంటే పెళ్లికూతురి అద్దం. సర్కారు ఆ పుస్తకానికి వెయ్యి రూపాయల ఇనామ్ ఇచ్చింది.

తెలుగులో డిగ్రీ చదివేటప్పుడు వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' గురించి పాఠం విన్నాను. అది 1878 నాటిది. అప్పటికి తొమ్మిదేళ్ల ముందే ఉర్దూలో అక్బరీ, అస్గరీ అనే ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఇంటింటా తెలిసిన పేర్లు కావడం మొదలైంది. ఉర్దూ మీడియంలో చదివిన మాకు ఆ పేర్లు పాఠాల్లోనే కాదు, పెద్దవాళ్ల తిట్లలోనూ వినిపించేవి.

కథ క్లుప్తంగా చెబుతాను. అక్క అక్బరీ నానీ లాడ్‌ప్యార్‌లో పెరిగింది. పెళ్లయ్యాక అత్తింట్లో పొసగక వేరు కాపురం పెట్టింది. వంట రాదు, కాబట్టి బజార్ తిండి. ఏ వస్తువు ఎక్కడుందో తెలియదు. హజ్జన్ వేషం వేసుకుని వచ్చిన ఒక మోసగత్తె తీయటి మాటలు చెప్పి ఆమె జేవర్ మొత్తం పట్టుకుపోయింది.

చెల్లెలు అస్గరీ అదే ఖాందాన్‌లోకి చిన్న కోడలుగా వెళ్లింది. అక్కడ మామా అజ్మత్ అనే పాత పనిమనిషి ఇల్లంతా తన చేతిలో పెట్టుకుని ఉంది. బజార్‌లో ఉద్దర తెస్తుంది, ధరలు పెంచి చెబుతుంది, తేడా తన జేబులో వేసుకుంటుంది. మామగారు దూరంగా మరో ఊళ్లో నౌకరీ చేస్తూ డబ్బు పంపుతుంటారు. అయినా ఇంటి మీద ఖర్జ్ పెరిగిపోతూనే ఉంటుంది. ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

అస్గరీ అరవలేదు. ధరలు కనుక్కుంది. లెక్క రాసింది. మామగారిని రప్పించి, దుకాణదారులను పిలిపించి, ఎవరికి ఎంత బాకీ, ఏ సరుకు ఎప్పుడు వెళ్లింది అని అందరి ముందు హిసాబ్ తేల్పించింది. మామా అజ్మత్ బయటికి నడిచింది. ఆ తర్వాత అస్గరీ ఇంట్లోనే ఆడపిల్లలకు మక్తబ్ తెరిచింది.

ఈ కథలో చీపురు కంటే, గరిటె కంటే పెద్ద హత్యార్ కలం. దీన్ని చాలామంది గమనించరు. చదవడం, రాయడం, లెక్క కట్టడం రాకపోతే అస్గరీ ఏమీ చేయలేకపోయేది. "ఆడపిల్ల కలం పడితే చెడిపోతుంది" అనుకునే రోజుల్లో, కలం పట్టనందుకే ఇల్లు చెడిపోతోందని చెప్పడానికి డిప్టీ సాహెబ్ ఈ కథ అల్లారు.

1857 తర్వాత ఇల్లు మారింది

ఆ మాట అప్పుడే ఎందుకు చెప్పాల్సి వచ్చింది? 1857 గదర్ తర్వాత ఢిల్లీ షరీఫ్ ఖాందాన్ల హాలత్ చూడండి. దర్బార్ పోయింది. వజీఫాలు, జాగీర్లు చాలామందికి పోయాయి. మిగిలింది కచేరీలోనో, మదర్సాలోనో, ఎవరో రయీస్ దగ్గరో నౌకరీ. నెలకు ఒకసారి వచ్చే తన్ఖా. పంట మీద, బహుమానాల మీద నడిచే ఇంటికి లెక్క లేకపోయినా గడిచేది. నెల జీతం మీద నడిచే ఇంటికి లెక్క లేకపోతే ఇరవయ్యో తారీఖుకే బావర్చీఖానా చల్లబడుతుంది. సలీఖా అన్న పాత మాటకు బజెట్ అనే కొత్త అర్థం వచ్చి చేరింది ఇక్కడే.

ఈ కథకు మన హైదరాబాద్‌తోనూ తాల్లుఖ్ ఉంది. 1877లో మొదటి సాలార్‌జంగ్ పిలుపు మీద నజీర్ అహ్మద్ నిజాం సర్కారు కొలువుకు వచ్చారు. సాలార్‌జంగ్ 1883లో ఇంతెఖాల్ అయ్యాక, 1884 ప్రాంతంలో తిరిగి ఢిల్లీకి వెళ్లిపోయారు.

ఆడవాళ్లే రాసుకున్నప్పుడు

డిప్టీ సాహెబ్ రాసింది మగవాడి చూపు. ఆడవాళ్లు స్వయంగా కలం పట్టిన కథ లాహోర్‌లో మొదలైంది. 1898 జులై 1న మౌల్వీ సయ్యద్ ముంతాజ్ అలీ, ఆయన బేగం ముహమ్మదీ బేగం కలిసి 'తహ్జీబె నిస్వాన్' అనే వారపత్రిక తెచ్చారు. సంపాదకురాలు ముహమ్మదీ బేగం. అప్పటికి ఆమె వయసు ఇరవై. మొదట్లో పత్రికను షరీఫ్ ఇళ్లకు పంపితే, కొన్ని కాపీలు మీద గాలీలు రాసి తిరిగి వచ్చాయట. ఆమె పని ఆపలేదు.

ఆమె రాసిన పుస్తకాల పేర్లు చూడండి: 'ఖానాదారీ', 'సుఘడ్ బేటీ', 'ఆదాబె ములాఖాత్', 'నేమత్‌ఖానా'. ఇల్లు నడపడం, వంట, మేహ్మాన్‌లతో వ్యవహారం. ఈ చివరి పేరు నాకు చాలా ఇష్టం. నేమత్‌ఖానా అంటే పాత ఇళ్లలో జాలీ తలుపులున్న చెక్క అల్మారీ. గాలి ఆడుతుంది, ఈగలు రావు, పిల్లి చేరదు. మిగిలిన సాలన్, పాలు, రొట్టె అందులో పెట్టేవాళ్లు. ఫ్రిజ్ దానికి తర్వాత వచ్చిన చుట్టం. నేమత్ అంటే అల్లా ఇచ్చిన వరం. తిండి దాచే అల్మారీకి వరాల ఇల్లు అని పేరు పెట్టిన జబాన్ మనది. అందులో మిగిలిన అన్నాన్ని మర్నాడు పారేయాలంటే చేయి ఎలా వస్తుంది?

ముహమ్మదీ బేగం 1908లో కన్నుమూసింది. ముప్పై ఏళ్లు. పత్రిక మాత్రం ఆమె తర్వాత దశాబ్దాల పాటు నడిచింది. ఆమె కొడుకే 'అనార్‌కలీ' నాటకం రాసిన ఇంతియాజ్ అలీ తాజ్.

హైదరాబాద్‌లో ఆ బాట పట్టినవారు సుగ్రా హుమాయూన్ మీర్జా. 'అన్నిసా' పత్రిక నడిపారు, నవలలు, సఫర్‌నామాలు రాశారు, సఫ్దరియా పేరుతో ఆడపిల్లల బడి పెట్టారు. భోపాల్‌లోనైతే పాలకురాలు సుల్తాన్ జహాఁ బేగమే ఇంటి నిర్వహణ, ఆరోగ్యం మీద పుస్తకాలు రాశారు.

జహేజ్‌లో వచ్చిన పుస్తకం

మరోవైపు ఉలమా కూడా ఊరుకోలేదు. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ 20వ శతాబ్దం మొదట్లో పది హిస్సాల 'బహిష్తీ జేవర్' రాశారు. నజీర్ అహ్మద్ నవలలు ఆడపిల్లలు చదవడం ఆయనకు నచ్చలేదు. కానీ ఆడపిల్లకు చదువు, రాత, లెక్క రావాలన్న దగ్గర ఇద్దరి దారీ ఒకటే. ఖుర్ఆన్‌తో పాటు ఈ పుస్తకాన్ని జహేజ్‌లో పెట్టే రివాజ్ ఎన్నో ఇళ్లలో ఉండేది. నమాజ్, రోజా మసాయిల్‌తో పాటు అందులో ఉత్తరం రాసే పద్ధతి, ఇంటి హిసాబ్, సబ్బు, సిరా, ఆచార్ తయారీ కూడా ఉన్నాయి. ప్రతి వస్తువుకూ ఒక జాగా ఖరారు చేసుకోవాలి, వాడాక అక్కడే పెట్టాలి అన్న సలహా కూడా అందులో ఉంది. ఈనాటి సర్దుడు గురువులు చెప్పే మొదటి సూత్రం ఇదే కదా.

మన దక్కన్ ఇళ్లు ఈ పాఠం చదవకుండానే పాటించాయి. గోడలో తాఖ్ ఉండేది, చిరాగ్‌కూ, తస్బీహ్‌కూ. తలుపు పక్క ఖూంటీ ఉండేది, షేర్వానీకీ, టోపీకీ. తెలుగువాళ్లు దాన్నే చిలక్కొయ్య అంటారు. పైన వేలాడే ఛీంకా ఉండేది, అదే మన ఉట్టి. కింద సందూక్, అందులో బట్టల మడతల మధ్య ఎండిన వేపాకు. షబెబరాత్ ముందు, రంజాన్ ముందు ఇల్లు మొత్తం దులిపి, సందూక్ ఎండలో పెట్టేవాళ్లు. సామాను తక్కువ, ప్రతిదానికీ ఒక జాగా.

వంట కూడా అలాగే. ఉదయం మిగిలిన రొట్టె సాయంత్రం బెల్లం, నెయ్యితో మలీదా అయ్యేది. చింతచిగురు వచ్చే నెలల్లో చిగూర్ గోష్, మామిడి రోజుల్లో ఏడాదికి సరిపడా ఆచార్, మిగతా రోజుల్లో ఖట్టీ దాల్. ఈరోజు ఏం వండాలి అన్న ప్రశ్నకు జవాబు మౌసమ్ చెప్పేది, ఆ తర్వాత నేమత్‌ఖానాలో ఏం మిగిలి ఉందో అది చెప్పేది.

పాందాన్ ఖర్చు

ఇంతవరకూ చెప్పింది చదివి మురిసిపోతే సగం తారీఖే తెలిసినట్టు. ఇంటి బాధ్యత ఆడదాని మీద పెట్టిన సమాజం ఆమె చేతిలో డబ్బు పెట్టిందా?

పాత నికాహ్ ఒప్పందాల్లో ఒక మాట కనిపిస్తుంది: ఖర్చె పాందాన్. పేరుకు తమలపాకుల ఖర్చు. అసలుకు భార్య సొంతానికి, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని నెలవారీ డబ్బు. ఉత్తర భారతంలోని ఒక ఇంటి కోడలు, పెళ్లినాడు మామగారు రాసిచ్చిన నెలకు 500 రూపాయల పాందాన్ ఖర్చు కోసం అదాలత్‌కు వెళ్లింది. కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. ఆ ఒప్పందం మీద ఆమె స్వయంగా సంతకం చేయకపోయినా డబ్బు ఆమె హక్కే అని 1910లో తీర్పు వచ్చింది. లా చదివే పిల్లలు కాంట్రాక్టుల పాఠంలో ఇప్పటికీ ఆ కేసు చదువుతారు.

కానీ ఇది పెద్ద ఇళ్ల మాట. మామూలు ఇళ్లలో అస్గరీ బాధ్యతలు వచ్చాయి, పాందాన్ ఖర్చు రాలేదు. నజీర్ అహ్మద్ ఆడపిల్లల చేతికి కలం ఇవ్వడానికి రాసిన కథ, కాలం గడిచేకొద్దీ వాళ్ల నెత్తిన తానాగా మిగిలింది. "అక్బరీలా తయారయ్యావు" అన్న ఒక్క మాటతో ఎంతమంది కోడళ్లు కళ్లు తుడుచుకున్నారో ఏ పుస్తకంలోనూ లేదు. అస్గరీ కలం మరిచిపోయాం, అస్గరీ చాకిరీ మాత్రం గుర్తు పెట్టుకున్నాం.

ఇది మన ఒక్కరి ఇంటి సంగతి కాదు. తెలుగులో వీరేశలింగం 1883లో స్త్రీల కోసం 'సతీహితబోధిని' పెట్టారు. 1928లో మద్రాసు నుంచి డాక్టర్ కె.ఎన్. కేసరి పత్రిక వచ్చింది, దాని పేరు 'గృహలక్ష్మి'. చదువు పేరుతో తలుపు తెరవడం, ఇల్లు పేరుతో మళ్లీ అక్కడే నిలబెట్టడం, రెండు జబాన్లలోనూ జరిగింది.

సలీఖా ఎవరిది?

మన దీన్ ఈ విషయంలో ఏం చెబుతోందో ఒకసారి చూద్దాం. రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇంట్లో ఉన్నప్పుడు ఏం చేసేవారని హజ్రత్ ఆయిషా (రజి)ను అడిగారు. ఇంటివాళ్ల పనుల్లో ఉండేవారు, నమాజ్ వేళ అయితే వెళ్లేవారు అని ఆమె జవాబిచ్చినట్టు బుఖారీలో ఉంది. తన చెప్పులు తానే కుట్టుకునేవారని మరో రివాయత్. ఇది సున్నత్ అయినప్పుడు సలీఖా ఒక్క కోడలి ఇమ్తెహాన్ ఎలా అవుతుంది? సూరా ఆరాఫ్ 31వ ఆయత్ తినండి, తాగండి అంటూనే ఇస్రాఫ్ వద్దంటుంది. ఆ హుకుమ్ ఆదమ్ సంతానం అందరికీ.

కాబట్టి ఈ పాత పుస్తకాల్లోంచి నేను తీసుకునేవి నాలుగే. ప్రతి వస్తువుకూ ఒక జాగా, ఆ జాగా ఇంట్లో మగపిల్లలకూ తెలియాలి. ప్రతి ఖర్చుకూ ఒక రాత, ఆ కాపీ మియాఁ బీవీ ఇద్దరూ చూడాలి. వండేముందు ఇంట్లో ఏం మిగిలిందో చూడటం, బజార్ తర్వాత. ఏడాదిగా తాకని బట్ట, గిన్నె, దుప్పటి ఉంటే రంజాన్ దాకా ఆగకుండా అవసరమైనవాళ్లకు ఇచ్చేయడం. వదిలించుకోవడం అన్న ఆలోచనతో ఇస్తే ఇల్లు ఖాళీ అవుతుంది, సదఖా నియ్యత్‌తో ఇస్తే బర్కత్ వస్తుంది.

ఇకమీద సంబంధం మాట్లాడేటప్పుడు ఎవరైనా "పిల్లకు సలీఖా ఉందా?" అని అడిగితే, మర్యాదగానే ఇంకో సవాల్ అడగండి: "మీ అబ్బాయికి ఉందా?"