ఫ్రీజర్‌లో మంచు గడ్డకట్టిందా? కత్తితో పొడవొద్దు

శ్రీకాళహస్తిలో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కొన్నేళ్లుగా బక్రీద్ కూడా మే, జూన్ నెలల్లోనే వస్తోంది. ఖుర్బానీ మాంసం ఒకేసారి ఫ్రీజర్‌లో నింపడం, చల్లనీళ్ల కోసం పిల్లలు తలుపు మాటిమాటికీ తీయడం వల్ల తేమ చేరి మంచు గడ్డకడుతుంది. ఆ గడ్డను కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో పొడిస్తేనే అసలు ప్రమాదం.

ఎందుకంటే...

ఫ్రీజర్ గోడల్లో గ్యాస్ తిరిగే సన్నని గొట్టాలుంటాయి. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఆర్600ఏ, అంటే ఐసోబ్యూటేన్. వంటగ్యాస్ లాగే ఇదీ అంటుకుంటుంది, కానీ ఆ ఘాటు వాసన ఉండదు. ఏ గ్యాసో ఫ్రిజ్ వెనక స్టిక్కర్‌పై రాసి ఉంటుంది. బుస్సుమని చప్పుడొస్తే స్విచ్‌లు ముట్టుకోవద్దు. స్టవ్ ఆర్పి, కిటికీలు తెరిచి, అందరూ బయటికి రావాలి.

మీది ఏ రకం?

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో మంచు పట్టడం మామూలే. అర సెంటీమీటరు మందం కాకముందే నాబ్ మధ్యలోని బటన్ నొక్కితే చాలు. కరిగాక బటన్ దానంతటదే పైకి వస్తుంది.

ఫ్రాస్ట్ ఫ్రీ రకంలో మంచు పేరుకోకూడదు. లోపలి వెనక పలకపై మంచు కట్టి, కింది అర చల్లబడకపోతే డీఫ్రాస్ట్ హీటర్, సెన్సర్, టైమర్ లేదా బోర్డు చెడి ఉండొచ్చు.

ఇంట్లో చేయదగ్గవి

1. మాంసాన్ని ఐస్ గడ్డలతో థర్మాకోల్ డబ్బాలో సర్దాలి.
2. పొడి చేతులతో ప్లగ్ పీకేయాలి. నాబ్ ఆఫ్ చేస్తే సరిపోదు.
3. తలుపు తెరిచి, కింద గుడ్డలు పరచాలి. తొందరైతే వేడినీళ్ల గిన్నెను మందపాటి గుడ్డపై లోపల పెట్టొచ్చు. హెయిర్ డ్రయ్యర్, హీటర్ వద్దు.
4. నీళ్లు పోయే రంధ్రం మూసుకుపోతే గోరువెచ్చని నీళ్లు పోయాలి.
5. తలుపు రబ్బరు తుడిచి, మధ్యలో కాగితం పెట్టి మూయాలి. కాగితం సులువుగా జారిపోతే రబ్బరు పట్టు వదిలినట్టే.
6. లోపలంతా ఆరాకే ప్లగ్ పెట్టాలి.

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌ను ఒక రోజంతా ఆపి ఉంచితే లోపలి మంచు కూడా కరుగుతుంది. తర్వాత కొద్ది రోజులు బాగా పనిచేసి, రబ్బరు బాగున్నా మళ్లీ గడ్డకడితే లోపం డీఫ్రాస్ట్ భాగాల్లోనే. వెనక పలక విప్పడం, హీటర్ పరీక్షించడం, గ్యాస్ నింపడం మెకానిక్ పని.

మాంసం సంగతి

ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీలుండాలి. కరెంటు పోతే తలుపు తీయకుండా ఉంచండి. నిండు ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లగా ఉంటుంది. ఐస్ పలుకులు ఇంకా ఉన్న మాంసాన్ని తిరిగి గడ్డకట్టించొచ్చు. ఎండాకాలంలో కరిగిన మాంసం గంటకు మించి బయట ఉంటే పారేయాలి. వాసన బాగుందని వండొద్దు.