కోరాపుట్, రాయగడ సీమలో చూడదగిన తావులు – మనవారు వచ్చిన దారులు

ఈ మధ్య మా అక్కగారి అబ్బాయి అమెరికా నుండి కొన్ని ఫోటోలు పంపించినాడు. సెలవులలో స్నేహితులతో కలసి కారు వేసుకొని వేల మైళ్ళు తిరిగి వచ్చినాడట. ఎర్రని లోయలు, పొగలు కక్కే వేడినీటి ఊటలు, నయాగరా జలపాతం చూచి ఇంటిల్లిపాదీ ముక్కున వేలు వేసుకొన్నాము. అప్పుడు మా చిన్నవాడు, “నాన్నా! మన దగ్గర ఇట్లాంటివి లేవా?” అని అడిగినాడు. “లేకేం, డుడుమా జలపాతం ఉన్నది గదా!” అన్నాము. “నువ్వు చూశావా?” అన్నాడు. అక్కడితో మా నోరు పడిపోయినది. పదునాలుగేండ్లుగా రాయగడలో రైల్వే ఉప్పు తింటూ, నాలుగు రోజులు సెలవు దొరికితే విజయనగరమో విశాఖపట్నమో దిగిపోవడమే గాని, పై వైపు చూచిన పాపాన పోలేదు. ఈ సంచికను చదివే కుటుంబాలలో చాలామంది సంగతీ ఇంతేనని అనుకొంటున్నాము. తప్పయితే పెద్దలు మన్నింతురు గాక.

అమెరికాలో దారి ప్రక్కన చూడదగిన చోటులందు, అక్కడికి ఎవరు ఎప్పుడు ఎందుకు వచ్చినారో చెప్పే పలకలు పాతి ఉంటాయని ఆ అబ్బాయి వ్రాసినాడు. మన కొండలలో అట్టి పలకలు బహు తక్కువ. గడచిన ఏడాదిన్నరలో పిల్లలను వెంటబెట్టుకొని మేము కొన్ని తావులు చూచి వచ్చినాము. చూచినదీ, చదివినదీ, పెద్దలవలన విన్నదీ కలిపి, పలకకు బదులుగా ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాము.

ముందుగా ఒక మాట. “వలస వచ్చిన తెలుగువారు” అని మనలను మనం చెప్పుకొంటాము. ఇది అందరికీ వర్తించదు. ఈ కోరాపుట్ సీమ యావత్తూ 1936 మార్చి ఆఖరు వరకు మద్రాసు రాజధానిలో విశాఖపట్నం జిల్లాకు చేరిన ఏజెన్సీ. ఆ ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, ఈ ప్రాంతం కోరాపుట్ జిల్లా అయినది. ఆ రాత్రి సాలూరులో పడుకొన్నవాడు మద్రాసు రాజధానిలో లేచినాడు, పొట్టంగిలో పడుకొన్నవాడు ఒరిస్సాలో లేచినాడు. మనలో కొందరు నడచి వచ్చినారు, కొందరి ఇంటిమీదుగా సరిహద్దే నడచి వెళ్ళినది. సాలూరు కొండల మీద కోటియా గ్రామాల తగవు 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కినదంటే, ఆ గీత ఎంత చిక్కుగా పడినదో తెలుస్తుంది. రాయగడ వేరే జిల్లాగా ఏర్పడినది చాలా తరువాత, 1992 అక్టోబరు 2న.

మనవారు ఎక్కి వచ్చిన దారులలో పాతది సాలూరు ఘాటు. సాలూరు దాటినది మొదలు రోడ్డు పాములా మెలికలు తిరుగుతూ సుంకి మీదుగా పొట్టంగి, సెమిలిగుడ, కోరాపుట్, జయపురం చేరుతుంది. ఇప్పుడు కారులో కూర్చున్నవారికి కడుపులో తిప్పడం తప్ప వేరే కష్టం లేదు. రోడ్డు పడకముందు ఈ కనుమలలో లంబాడీలు వందలకొద్దీ ఎద్దుల మీద ఉప్పు పైకి తోలుకొని పోయేవారు, ధాన్యం క్రిందికి తెచ్చేవారు. ఉప్పు వెంట వర్తకులు ఎక్కినారు. 1863లో ఇంగ్లీషువారి అధికారులు, పోలీసులు జయపురం సంస్థానంలో కాలు పెట్టినప్పుడు వారి వెంట గుమాస్తాలు, బంట్రోతులు ఎక్కినారు. జయపురం నీరు పడక 1870లో దొరలు తమ కచేరీని ఎత్తైన కోరాపుట్‌కు మార్చుకొన్నారు. మన్నెపు జ్వరం అంటే ఆ రోజులలో అంత భయం. ఏజెన్సీకి బదిలీ అయినదంటే ఇంట్లో ఆడవారు ఏడ్చేవారని పెద్దలు చెప్పగా విన్నాము. ఈనాడు అదే ఘాటులో పొగమంచు చూడాలని జనం తెల్లవారుజామున బయలుదేరి వస్తున్నారు! ఆ దారికి చేరువనే దేవమాలి శిఖరం ఉన్నది. 1672 మీటర్లు, ఒడిశా మొత్తంలో అంతకన్న ఎత్తైనది లేదు. పిల్లలకు మాత్రం కంబళ్ళు మరువవద్దు. మేము మరచి అనుభవించినాము.

రెండవ దారి రైలు. ఇది మా వృత్తి గనుక రెండు మాటలు ఎక్కువ చెప్పినా ఓర్చుకోవాలి.

విజయనగరం నుండి రాయగడ మీదుగా రాయపురం పోయే బెంగాల్ నాగపూర్ రైల్వే లైను 1931లో పూర్తి అయినది. మధ్య పరగణాల సరుకును విశాఖపట్నం చేర్చడానికే ఆ లైను. అక్కడి రేవు 1933లో తెరచినారు. రాయగడలో నాగావళి మీద వంతెన కడుతున్నప్పుడు కట్టినది కట్టినట్లే కూలిపోయినదనీ, అమ్మవారు కలలో కనిపించి తనకు గుడి కట్టమన్నదనీ, కట్టిన తరువాతనే వంతెన నిలిచినదనీ చెప్పుకొంటారు. ఆ అమ్మవారే మజ్జిఘరియాణి. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుండి ఎంతమంది వస్తున్నారో మా టిక్కెట్టు కిటికీకి తెలుసు. ఉగాది వెళ్ళీ వెళ్ళగానే చైత్రోత్సవం వస్తుంది. గుడికి వెళ్ళేవారందరూ ఒక్కసారి ఆ వంతెన వంక కూడా చూడవలెనని మా మనవి. ఊరికి చేరువనే నాగావళిలో హాతీపథర్ ఉన్నది. ఏనుగులవంటి రెండు బండలు ఏటిలో దిగి నీరు త్రాగుతున్నట్లుంటాయి. కార్తీక వనభోజనానికి అంతకన్న మంచి చోటు మాకు కనబడలేదు. అయితే పులిహోర తిన్న ఆకులు ఏటిలో పారవేయడం మన చేతిలో పని. ఆ నీరే దిగువన శ్రీకాకుళంలో మన చుట్టాలు త్రాగుతున్నారు.

నాగావళి ఒక్కటే కాదు. గుణుపురం ప్రక్కగా పోయే వంశధార కళింగపట్నం వద్ద సముద్రంలో పడుతున్నది. జయపురానికి చేరువనున్న కొలాబు పోను పోను శబరి అయి కూనవరంలో గోదావరిని చేరుతున్నది. మాచ్‌ఖండ్ ఏరు సీలేరు అయి ఆ శబరిలోనే కలుస్తున్నది. నీరంతా తెలుగుదేశానికి దిగుతుంటే, మనవారు ఆ నీటికి ఎదురెక్కి వచ్చినారు.

రాయగడ నుండి కోరాపుట్‌కు రైలులో పోవడం కొంతకాలం క్రితం వరకు, ముక్కు ఏదంటే తల చుట్టూ చెయ్యి త్రిప్పి చూపించినట్లుండేది. విజయనగరం దిగి, కొత్తవలస పోయి, అక్కడ నుండి అరకు మీదుగా మరల కొండ ఎక్కవలసి వచ్చేది. ఆ కొత్తవలస – కిరండూల్ లైను 1960లలో పడినది. బైలాడిలా ఇనుప రాయి జపానుకు కావలసి వచ్చినది, 58 సొరంగాలు త్రవ్వించి రైలు నడిపించినారు. ఆ లైనులో షిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉన్నది. బ్రాడ్‌గేజిలో దానిని మించినది లేదని చాలాకాలం గొప్పగా చెప్పుకొన్నాము. ఇప్పుడు కాశ్మీరు లైను దానిని దాటిపోయినది. ఒక చిక్కు: షిమిలిగుడ స్టేషను అరకు వద్ద, ఆంధ్రలో ఉన్నది. సెమిలిగుడ ఊరు కోరాపుట్ వద్ద ఉన్నది. ఒకదానికి బదులు ఇంకొకదానిలో దిగిన పెండ్లివారిని మేమెరుగుదుము.

రాయగడ – కోరాపుట్ లైను, సుమారు 164 కిలోమీటర్లు, 1998 డిసెంబరు ఆఖరున పూర్తి అయినది. టికిరి, లక్ష్మీపూర్ రోడ్, కాకిరిగుమ్మ మీదుగా పగటి బండిలో ఒక్కసారి పోయి చూడండి. సొరంగంలో నుండి బయటపడగానే లోయ, లోయ దాటగానే సొరంగం. మా చిన్నవాడు లెక్క పెడుతూ పెడుతూ నిద్రపోయినాడు. డబ్బు ఖర్చులేని విహారయాత్ర ఇంతకు మించినది లేదని మేము బల్ల గుద్ది చెప్పగలము.

ఇక డుడుమా. కోరాపుట్ నుండి నందపురం వైపు పోయినాము. నందపురం ఈ సంస్థానానికి మొదటి రాజధాని. పదునేడవ శతాబ్దంలో రాజధాని జయపురానికి మారినది. ముప్పదిరెండు మెట్ల సింహాసనమని చూపించే శిథిలం ఇప్పటికీ ఉన్నది. అక్కడ నుండి లాంతాపుట్ మీదుగా ఓణుకుఢెల్లి. అక్కడ మాచ్‌ఖండ్ ఏరు 500 అడుగులకు పైగా ఒక్క దూకు దూకుతున్నది. నయాగరా ఎత్తు 200 అడుగులైనా లేదని మేము తరువాత చూచుకొన్నాము. వెడల్పులో మాత్రం నయాగరాదే పైచేయి, దాచి లాభం లేదు. అవతలి గట్టు ఆంధ్ర, ఇవతల ఒడిశా. ఆశ్వయుజ, కార్తీక మాసాలలో వెళ్ళవలెను. ఎండకాలం వెళ్ళితే బండే కనిపిస్తుంది. ఏలనంటే నీటిలో చాలా భాగం గొట్టాలలో విద్యుత్తుకు పోతున్నది.

ఆ విద్యుత్తు కథ మనకు చాలా దగ్గరిది. జలాపుట్‌లో ఆనకట్ట కట్టి, లోయ అడుగున ఆరు యంత్రాలు పెట్టి, ఆంధ్ర, ఒరిస్సా రెండూ పంచుకొనే ఏర్పాటు చేసినారు. 1955లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్‌గారు వచ్చి ప్రారంభించినారు. పవర్‌హౌసుకు దిగాలంటే విన్చి ఎక్కవలెను, అనగా ఇనుప త్రాటికి కట్టిన బండి. నిట్టనిలువు కొండవాలున పట్టాల మీద దిగుతుంది. ఎందరో తెలుగువారు ఈ పనికి వచ్చి, ఇక్కడే పిల్లలను పెంచి, ఇక్కడే పదవీ విరమణ చేసినారు. అక్కడ మాకు కలసిన ఒక పెద్దాయన, “బాబూ! మొదటిసారి విన్చి దిగినప్పుడు కళ్ళు మూసుకొని సింహాద్రి అప్పన్నకు మ్రొక్కుకొన్నాను. తరువాత ముప్పదియేళ్ళు అదే బండిలో కునుకు తీసేవాణ్ణి” అన్నాడు. విశాఖపట్నంలో దీపాలు వెలిగినవి. మరి జలాపుట్ నీటి క్రింద మునిగిన ఊళ్ళ సంగతి? గిరిజనుల పొలాలు, గుడిసెలు, దేవతల గట్లు అన్నీ ఆ నీటి అడుగున ఉన్నవి. తరువాతి కాలంలో ఎగువ కొలాబు జలాశయం క్రిందా అదే జరిగినది. నీరు బహు అందంగా ఉన్నది. మా పిల్లలకు ఆ అందంతోపాటు ఈ మాటా చెప్పినాము. పెద్దవాడు చాలాసేపు మాట్లాడలేదు.

ఓణుకుఢెల్లి గురువారం సంతకు బోండాలు కొండ దిగి వస్తారు. దూరదేశాలవారు వచ్చి వారి ఫోటోలు తీయడం ఒక వేడుకగా సాగినది. మనం ఆ పని చేయకూడదు. మన ఇంటి ఆడవారు కూరగాయల బజారుకు పోతే ఎవరో వచ్చి ఫోటో తీస్తే ఒప్పుకొంటామా? చూడవలసినది జలపాతం గాని మనుష్యులు కారు. నియమగిరి సంగతి కూడా అట్టిదే. మునిగుడ వైపు రైలులో పోతుంటే కనిపించే ఆ కొండలను బాక్సైటు కోసం త్రవ్వుతామంటే, 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమన్నది. పన్నెండు గ్రామసభలు వరుసగా కూడి, పన్నెండూ వద్దన్నవి. రైలు కిటికీలో నుండి దండం పెట్టుకొంటే చాలు.

జయపురంలో మనం తలచుకోవలసిన పేరు విక్రమదేవవర్మగారిది. 1931లో గద్దెనెక్కి 1951 వరకు ఉన్నారు. ఒడియా, తెలుగు రెండింటా పండితుడు. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సైన్సు కళాశాల నిలద్రొక్కుకొన్నది ఆయన ఏటేటా ఇచ్చిన లక్ష రూపాయలతోనే, అందుకే ఆ కళాశాలకు జయపురం విక్రమదేవ పేరు పెట్టినారు. ఇది మన పిల్లలలో ఎంతమందికి తెలుసు? ఆ కళాశాలలో చదివి ఇంజనీర్లయి అమెరికా పోయినవారి పిల్లలు నేడు నయాగరా చూస్తున్నారు. ఆ రూపాయలు ఈ కొండల రైతుల శిస్తు. జయపురం నుండి బైపారిగుడ మీదుగా అడవిలో గుప్తేశ్వరం పోవచ్చును. సున్నపురాయి గుహలో శివలింగం. అది ఏటేటా పెరుగుతున్నదని భక్తుల నమ్మిక. శివరాత్రినాడు తిరునాళ్ళ రద్దీలో ఊపిరి ఆడదు, తరువాతి వారం వెళ్ళడం మేలు.

చివరికి గుణుపురం. పర్లాకిమిడి రాజాగారు నౌపడా నుండి తమ ఊరికి వేయించిన చిన్న రైలు 1900లో నడచినది. 1931లో గుణుపురం వరకు వచ్చినది. ఆ సంవత్సరమే గిడుగు రామమూర్తి పంతులుగారి సవర భాషా గ్రంథం మద్రాసులో అచ్చయినది. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సవరలను ఇంట పెట్టుకొని వారి మాట నేర్చుకొన్న మహానుభావుడాయన. ఎదురెక్కి వచ్చిన మనవారిలో, ఇక్కడివారి మాట ముందుగా నేర్చుకోవలెనని తోచినవారు ఎందరు? మేము ఇన్నేండ్లకు కువి భాషలో నాలుగు మాటలు నేర్చినాము, అవీ మా టిక్కెట్టు కిటికీ వద్ద కోంధు ముసలమ్మలు నేర్పినవే.

ఆ చిన్న రైలు 2004లో ఆగినది. పట్టాలు వెడల్పు చేసి 2011లో గుణుపురానికి పెద్ద బండి తెచ్చినారు. పాత బండి ఎక్కిన పెద్దలు మన సంఘంలో ఇంకా కొందరున్నారు. ఎక్కుడు వద్ద బండి నెమ్మదిస్తే కుర్రవాళ్ళు దిగి, ప్రక్క చెట్ల నేరేడు పళ్ళు కోసుకొని, పరుగెత్తి వెనుక పెట్టె పట్టుకొనేవారట. ఆ కుర్రవాళ్ళలో ఒకరు మొన్న ఉగాది సభలో మా ప్రక్కనే కూర్చున్నారు. ఏ స్టేషను దాటిన తరువాత ఆ చెట్లుండేవో అడిగి వ్రాసుకొన్నాము. ఈ వేసవిలో పిల్లలతో వెళ్ళి చూడవలెనని ఉన్నది.