మౌనంగా నిలిచిన ముగ్గురు విద్యార్థులు

ప్రజాస్వామ్యంలో ప్రభుత్వాన్ని నిర్ణయించేది అధిక సంఖ్యాకుల ఓటు. పిడికెడు మంది విశ్వాసాన్ని కూడా ఆ సంఖ్యాబలమే నిర్ణయించగలదా? జాతీయ గీతం కేసులో 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పింది.

కేరళలోని ఒక పాఠశాలలో ముగ్గురు తోబుట్టువులు పది, తొమ్మిది, అయిదు తరగతులు చదివేవారు. వారిది యెహోవా సాక్షులనే చిన్న క్రైస్తవ శాఖ. ఉదయం జనగణమన ఆలపించే వేళ అందరితో పాటు గౌరవంగా నిలబడేవారు గానీ గొంతు కలిపేవారు కారు. పాడడం తమ మతానికి విరుద్ధమని వారి నమ్మకం. చాలాకాలం దానిని ఎవరూ పట్టించుకోలేదు. 1985 జులైలో ఒక శాసనసభ్యుడు ఈ సంగతిని సభలో లేవనెత్తడంతో విచారణ సంఘం ఏర్పడింది. పిల్లలు గీతాన్ని అగౌరవపరచలేదని ఆ సంఘమే తేల్చింది. అయినప్పటికీ విద్యాశాఖ అధికారి ఆదేశం మేరకు జులై 26న వారిని బడి నుంచి బహిష్కరించారు.

హైకోర్టు గీతంలోని ప్రతి పదాన్నీ పరిశీలించి, మత విశ్వాసాలను నొప్పించే మాట ఒక్కటీ లేదని చెప్పి పిటిషన్‌ను తోసిపుచ్చింది. నిజమే, అటువంటి మాట అందులో లేదు. అయితే తేల్చవలసిన ప్రశ్న అది కాదు. ఒక నమ్మకం మన తర్కానికి నచ్చిందా లేదా అన్నది అప్రస్తుతమనీ, దానిని చిత్తశుద్ధితో పాటిస్తున్నారా అన్నదే ముఖ్యమనీ జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, జస్టిస్ ఎం.ఎం. దత్ ధర్మాసనం స్పష్టం చేసింది. తీర్పు రాసిన చిన్నపరెడ్డి తెలుగువారు. అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేశారు.

రాజ్యాంగంలోని 25వ అధికరణం ఇచ్చే మతస్వేచ్ఛ అపరిమితమైనది కాదు. శాంతిభద్రతలు, నైతికత, ప్రజారోగ్యం దానికి హద్దులు. 19వ అధికరణం కింద భావప్రకటనకు పరిమితి విధించాలన్నా చట్టం ఉండాలి. ఇక్కడ ప్రభుత్వం చూపినవి శాఖాపరమైన సర్క్యులర్లు మాత్రమే. వాటికి చట్టబలం లేదు. జాతీయ గౌరవ చిహ్నాలకు సంబంధించిన 1971 నాటి చట్టం గీతాలాపనను ఉద్దేశపూర్వకంగా అడ్డుకోవడాన్ని, ఆలపిస్తున్న సభకు భంగం కలిగించడాన్ని నేరంగా పరిగణిస్తుంది. పాడకుండా నిలబడిన వారికి అది వర్తించదు. లేచి నిలబడడమే గౌరవమని కోర్టు భావించింది.

అమెరికా సుప్రీంకోర్టు ఇదే శాఖకు చెందిన పిల్లల జెండా వందనం విషయంలో 1940లో ప్రభుత్వం పక్షాన నిలిచి, 1943లో తన వైఖరిని తానే మార్చుకుంది. మన న్యాయమూర్తులు ఆ అనుభవాన్నీ ప్రస్తావించారు. అత్యల్ప సంఖ్యాకులు సైతం రాజ్యాంగం నీడలో తమ ఉనికిని నిలుపుకోగలగడమే ప్రజాస్వామ్యానికి అసలు పరీక్ష అన్నది ఆ తీర్పు సారాంశం.

పిల్లలను తిరిగి చేర్చుకోవాలని, చదువుకు ఆటంకం కలిగించరాదని కోర్టు ఆదేశించింది. బహిష్కరణ జరిగి అప్పటికి ఏడాది దాటింది.