మోనికా ప్రార్థన

తమకు ప్రియమైనవారు తాము నమ్మిన దైవమార్గమున నడువకున్నయెడల భక్తుల మనస్సు రెండు భయములచే పీడింపబడును. వీరు దారి తప్పి చెడిపోవుదురేమో యనునది మొదటిది. మరణానంతరమున వీరిని మరల కలిసికొనజాలమేమో యనునది రెండవది. ఈ భయములను రెండింటిని అనుభవించిన యొక తల్లి చరిత్రమును ఆమె కుమారుడే వ్రాసియుంచెను. ఆ తల్లి మోనికా. ఆ కుమారుడు ఆగస్తీను. ఆ గ్రంథము ‘కన్ఫెషన్సు’.

నేటి అల్జీరియా దేశములోని తగాస్తె యను పట్టణమున మోనికా కాపురముండెను. భర్త పట్రీషియసు క్రైస్తవుడు కాడు, ముక్కోపి, పరస్త్రీలోలుడు. ఆమె వాదింపక ఓర్పుతో మెలగుచు ప్రార్థించెను. అతడు కడపటి దినములలో బాప్తిస్మము పొందెను. అయినను ఆ యోర్పును స్త్రీలకెల్ల విధిగా బోధించుట తగదు. ఆ యూరి యిల్లాండ్రలో అనేకుల ముఖములపై భర్తల దెబ్బల గుర్తులుండెడివని ఆగస్తీనే వ్రాసెను.

354లో జన్మించిన ఆగస్తీను కార్తేజిలో చదువుకొనుచు మానీ మతమున చేరి, సుమారు తొమ్మిదేండ్లు దానినే పట్టుకొనియుండెను. కుమారునితో వాదించి వాని తప్పు తెలుపుమని మోనికా యొక బిషప్పును వేడుకొనెను. చిన్ననాడు తానును ఆ మతమునందే పెరిగిన ఆ బిషప్పు అందులకు సమ్మతింపక, అతడు చదువుచు చదువుచు తనంతట తానే తెలిసికొనును, నీవు ప్రార్థింపుము అనెను. ఆమె కన్నీరు చూచి, అది వృథా పోదని ధైర్యము చెప్పి పంపెను.

383లో ఆగస్తీను రోమునకు పోదలచెను. తల్లి వలదనెను. అతడు ఆమెతో అబద్ధమాడి, ఆమె రేవుచెంత నొక ప్రార్థనాస్థలమున కన్నీటితో గడపుచున్న రాత్రి ఓడయెక్కి పోయెను. కొడుకు పోకుండవలెనన్నదే ఆమె ప్రార్థన. అది నెరవేరలేదు. కాని ఆ ప్రయాణమే అతనిని మిలాను నగరమున ఆంబ్రోసు బిషప్పు బోధలచెంతకు చేర్చెను.

మోనికా లోపమునుగూడ దాచరాదు. వివాహము బాప్తిస్మమునకు దారి యగునని తలచి, ఆమె మిలానులో కుమారునకు సంబంధము కుదిర్చెను. ఆ పిల్లకు పెండ్లియీడు వచ్చుటకు ఇంకను రెండేండ్లు కావలసియుండెను. అనేక సంవత్సరములు ఆగస్తీనుతో కాపురము చేసి, అతనికొక కుమారుని గనిన స్త్రీని ఇందుకొరకే ఆఫ్రికాకు పంపివేసిరి. ఆమె పేరైనను అతడు వ్రాయలేదు. తరువాత ఆ పెండ్లియు జరుగలేదు. తనవారి మేలుకొరకు ప్రార్థించు ప్రేమ, పరుల కన్నీటిని చూడలేకపోవచ్చునని దీనివలన తెలియుచున్నది.

387లో ఈస్టరు పండుగనాడు ఆగస్తీను బాప్తిస్మము పొందెను. స్వదేశమునకు మరలుచు రోము రేవైన ఓస్టియాలో వారు నిలిచియుండగా మోనికాకు జ్వరము తగిలెను. భర్త ప్రక్కనే తన సమాధి యుండవలెనని ఆమె పూర్వము ఏర్పాటు చేసికొనియుండెను. ఇప్పుడు ఆ కోరికయు విడిచెను. శరీరమును ఎచ్చటనైన పాతిపెట్టుడు, మీరెచ్చటనున్నను దేవుని సన్నిధిని నన్ను తలచుకొనుడు, అంతే చాలునని కుమారులతో చెప్పెను. తొమ్మిదవ దినమున మరణించెను. అప్పుడామెకు 56వ యేడు నడుచుచుండెను.

నిరీక్షణ గలవారు విలపింపరాదని తలచి, ఏడ్చుచున్న మనుమని నూరకుండజేసిరి. ఆగస్తీనును తన కన్నీటిని బిగబట్టుకొనెను. కాని నిద్రించి లేచిన పిమ్మట, ఒంటరిగానుండి తనివితీర నేడ్చెను. సిగ్గుపడక దానిని వ్రాసెను. తల్లిదండ్రులిరువురను ప్రార్థనలో తలచుకొనుడని చదువరులను వేడుకొనెను. మృతులకొరకు ప్రార్థించుట తగునా యను విషయమున క్రైస్తవశాఖలలో భేదాభిప్రాయములున్నను, ఆ కుమారుని యార్తిని ఎవరును కాదనజాలరు.

1945లో ఓస్టియాలో బాలురు గొయ్యి త్రవ్వుచుండగా మోనికా సమాధిశాసనపు రాతిముక్క బయటపడెను. ఎచ్చటనైన సరేనన్న తల్లిని రాయియు మరువలేదు. మోనికా మొదట కొడుకును తన చేతిలో నుంచుకొనుటకు ప్రార్థించెను. తుదకు అతనిని దేవుని చేతిలో విడుచుటకు నేర్చుకొనెను. ఈ రెండు ప్రార్థనల నడుమ నున్న దూరమే ఆమె జీవితము. మనవారికొరకు ప్రార్థించునప్పుడు మనము ఈ దూరములో ఎచ్చట నున్నామో విచారించుకొనవలెను.