గర్భములోని కన్ను

పుట్టుకతో వచ్చిన లోపమంతా వంశము నుండియే వచ్చినదని చాలామంది అనుకొందురు. తల్లిదండ్రులది మేనరికమైనచో ఆ అనుమానము మరింత బలపడును. ఈ నమ్మికను మొదట కదిలించినవి పందిపిల్లలు.

1933లో అమెరికాలోని టెక్సాసులో ఫ్రెడ్ హేల్ అను పరిశోధకుడు విటమిన్ ‘ఎ’ లేని మేత పెట్టి పెంచిన ఒక ఆడపంది 11 పిల్లలను ఈనినది. ఒక్కదానికీ కనుగుడ్లు లేవు! రక్తదోషమేమో అనుటకు వీలులేకపోయినది. మేత సరిచేసిన తరువాత పందులకు కన్నులు గల పిల్లలే పుట్టినవి.

మనిషికి దగ్గర చుట్టమైన కోతిలో కథ ఇంకను చిక్కైనది. రీసస్ కోతి గర్భవాసము సుమారు 165 దినములు. పాస్కో రాకిచ్ అను శాస్త్రజ్ఞుడు గర్భములోని కోతిపిల్ల కంటిలోనికి రేడియోధార్మిక పదార్థమును ఎక్కించి, అది నరముల వెంట మెదడులో ఎచ్చటికి చేరునో చూచి 1976లో ప్రకటించెను. మొదట రెండు కన్నుల నుండి వచ్చు దారులు మెదడులో కలగాపులగముగా నుండును. ప్రసవమునకు సుమారు మూడు వారములు ముందుగా అవి వేరుపడ నారంభించును. వెలుతురు సోకని చోటనే ఈ పని మొదలగుట గమనింపదగినది. పుట్టిన పిమ్మట వెలుగు వంతు వచ్చును. ఒక కంటిని మూసి పెంచిన కోతిపిల్లల మెదడులో తెరచిన కన్ను రెండవదాని చోటును ఆక్రమించుకొనునని హ్యూబెల్, వీజెల్ చూపిరి. దృష్టిని గూర్చిన పరిశోధనలకు వారికి 1981లో నోబెల్ బహుమానము లభించినది.

ఇక మన ప్రాంతము. ఆంధ్రప్రదేశ్‌లో కన్నులు మరీ చిన్నవిగా, లేదా చీలికతో, లేదా అసలు లేకయే పుట్టిన పిల్లలను గూర్చి లండను, హైదరాబాదు పరిశోధకులు విచారించి 2002లో ఫలితములు ప్రకటించిరి. మేనరికములు చాలా కనబడినవి. కాని కొందరు తల్లులు గర్భిణులుగా నున్నపుడు రేచీకటితో బాధపడినట్లును తేలెను. రేచీకటి విటమిన్ ‘ఎ’ కొరతకు గుర్తు. కావున మేనరికము కనబడగానే విచారణ ఆపివేయుట తొందరపాటు.

సంగారెడ్డి జిల్లాలోని కాజీపల్లి వంటి పారిశ్రామిక గ్రామములలో గర్భిణి త్రాగిన నీరెక్కడిదని కూడ అడుగవలసి యున్నది. పటాన్‌చెరు ప్రాంతపు కాలుష్యము 1990లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కినది. అక్కడి సుమారు 90 మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేసి విడిచిన నీటిని స్వీడను పరిశోధకులు పరీక్షించి 2009లో వివరములు వెల్లడించిరి. మంచినీటిలో అది 0.2 శాతము కలిసినను తోకకప్పల ఎదుగుదల 40 శాతము తగ్గెను. వారు కొలిచినది ఎదుగుదలనే; చూపును కాదు.