కోత మిగిల్చిన గడ్డ: గుంటూరు, ప్రకాశం సీమలో సిజేరియన్ మచ్చ చరిత్ర

సిజేరియన్ కుట్టు మానిన చోట, చర్మం కింద, గర్భసంచి లోపలి పొర కణాలు పాతుకుని పెరిగితే ఆ జబ్బును పొట్ట గోడ ఎండోమెట్రియోసిస్ అంటారు. గర్భసంచిని కోసి బిడ్డను, మాయను బయటికి తీసేటప్పుడు ఆ పొర తునకలు కొన్ని కోత అంచుల్లో చిక్కుకుంటాయని, అక్కడి కొవ్వులో రక్తం అంది బతికిపోతాయని వైద్యుల వివరణ. అండాశయాల నుంచి వచ్చే హార్మోన్లు వాటికీ అందుతాయి. అందుకే నెలసరి రోజుల్లో ఆ కణాలూ ఉబ్బుతాయి, లోలోపల రక్తం ఊరుతుంది, కుట్టు దగ్గర గడ్డ కట్టి సలుపుతుంది. సిజేరియన్ అయినవారిలో నూటికి ఒకరిద్దరికి మించి రాదు, అంతకంటే తక్కువేనని చెప్పే లెక్కలే ఎక్కువ. ఈ గడ్డ రావాలంటే ముందు ఒక కోత పడి ఉండాలి. కాబట్టి గుంటూరు, ప్రకాశం పల్లెల్లో దీని చరిత్ర ఆ కోత ఇక్కడికి వచ్చిన చరిత్రే.

పత్తొమ్మిదో శతాబ్దంలో ఈ సీమలో కాన్పంటే ఇంటి చావిట్లో, మంత్రసాని చేతుల మీదుగా జరిగేది. మంగలి, మాదిగ కులాల స్త్రీలే ఎక్కువగా ఆ పని చేసేవారు. అనుభవం గల చేతులవి. కాని బిడ్డ అడ్డం తిరిగితే వాళ్లు చేయగలిగింది కొంచెమే. ఆ రోజుల్లో యూరప్‌లోనూ పొట్ట కోసి బిడ్డను తీయడమంటే తల్లి మీద దాదాపు ఆశ వదులుకోవడమే, ఎందుకంటే గర్భసంచిని కోసేవారు గాని కుట్టేవారు కాదు. జర్మన్ వైద్యుడు మాక్స్ సాంగర్ 1882లో గర్భసంచిని పొరలు పొరలుగా కుట్టే పద్ధతి ప్రకటించాకే తల్లులు బతకడం పెరిగింది.

ఆ మరుసటి ఏడే, 1883లో, డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గుంటూరు చేరారు. పెన్సిల్వేనియాలోని మహిళా వైద్య కళాశాలలో చదివిన లూథరన్ మిషన్ డాక్టరు ఆమె. మిషన్ మొదట ఆమెకు అప్పగించింది బడి పని. వైద్యం దానితో పాటే నడిచింది, రెండేళ్ల తరువాతే పూర్తి వైద్య బాధ్యత ఇచ్చారు. మగ డాక్టరుకు నాడి కూడా చూపించని ఇళ్లలోకి ఆమె వెళ్లగలిగారు. 1890లలో స్త్రీలకు, పిల్లలకు గుంటూరులో ఆసుపత్రి లేచింది. ఆమె వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా ఆసుపత్రి ఎదుట హిందూ రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. ఆ సత్రం విలువ చిన్నది కాదు. వంటకూ మడికీ చోటు దొరికితేనే ఇంటివాళ్లు చూలాలిని ఆసుపత్రి గడప దాటించేవారు. కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఇప్పటికీ ఆ ఆసుపత్రిని జనం కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు. చీరాలలో లూథరన్లు, ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టులు నడిపిన ఆసుపత్రులూ ఆ దారిలోవే. గుంటూరులోనే పుట్టి, విజయవాడలో ప్రాక్టీసు పెట్టిన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ గర్భిణుల కోసం, బాలింతల కోసం తెలుగులో ‘ప్రసూతి – శిశుపోషణ’ రాశారు. 1946లో గుంటూరు వైద్య కళాశాల మొదలయ్యాక డాక్టర్లు ఇక్కడే తయారయ్యారు.

ఈలోగా కోత తీరూ మారింది. 1900లో ఫానెన్‌స్టీల్ అనే జర్మన్ వైద్యుడు పొత్తికడుపు మీద అడ్డకోతను ప్రతిపాదించాడు. గర్భసంచి కింది భాగాన్ని అడ్డంగా కోసే పద్ధతికి 1920లలో గ్లాస్గో వైద్యుడు మన్రో కెర్ ప్రాచుర్యం తెచ్చాడు. మచ్చలో గడ్డ సంగతీ ఆ కాలానిదే. గర్భసంచి పొర వేరేచోట కనిపించడాన్ని వియన్నాలో రొకిటాన్‌స్కీ 1860లో వర్ణిస్తే, ఆపరేషన్ మచ్చలో అది ఉండటాన్ని 1903లో రాబర్ట్ మేయర్ నమోదు చేశాడు. నెలసరి రక్తం అండవాహిక గొట్టాల గుండా వెనక్కి పోయి పొర కణాలను కడుపులో నాటుతుందన్న సిద్ధాంతాన్ని అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ 1920లలో చెప్పాడు. కటి భాగంలో వచ్చే ఎండోమెట్రియోసిస్ విషయంలో ఆ వాదన మీద చర్చ నేటికీ ఉంది. మచ్చ గడ్డ విషయంలో మాత్రం కణాలను అక్కడ నాటింది ఆపరేషనేనన్నది చాలామంది ఒప్పుకునే మాట.

ఇక్కడి పల్లెల్లో కోత మామూలు సంగతి కావడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది. పత్తి, మిరప చేతికి డబ్బు తెచ్చిన కాలంలో గుంటూరు కొత్తపేటలో, నరసరావుపేటలో, చీరాలలో, ఒంగోలులో నర్సింగ్ హోములు వెలిశాయి. మత్తు, రక్తం, యాంటీబయాటిక్స్ అందుబాటులోకి వచ్చి పెద్దాపరేషన్ అంటే భయం తగ్గింది. భయం తగ్గడం మంచిదే, ఎందరో తల్లుల ప్రాణం నిలిచింది. కాని అవసరం లేని కోతలూ దానితో పాటే పెరిగాయి. పంతులుగారు పెట్టిన ముహూర్తానికి బిడ్డను తీయించుకునే అలవాటు ఈ సీమలో కొత్తేమీ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు, ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 63 శాతం. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. 10–15 శాతం మించనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. కోతలు ఇన్ని పడుతున్నప్పుడు, అరుదైన గడ్డ కూడా ఏ పెద్ద ఊళ్లోనైనా ఎవరో ఒకరికి ఉండే గడ్డ అవుతుంది.

గడ్డ వెంటనే కనిపించదు. కొన్ని నెలలకో, చాలామందికి కొన్నేళ్లకో, తరచుగా అడ్డకోత చివర ఒక మూల, వేలికి గట్టిగా తగులుతుంది. పత్తి తీసే కూలీ గుడ్డను నడుముకు బిగించి ఒడి కట్టుకుంటుంది, తీసిన పత్తి అందులో నింపుకుంటూ సాలు వెంట సాగుతుంది. ఆ ముడి, నిండిన ఒడి బరువు సరిగ్గా కుట్టు మీదే ఒత్తుకుంటాయి. మిరప కోతల్లో రోజంతా వంగే ఉండాలి. నొప్పి వస్తే పని వల్లేనని సరిపెట్టుకోవడం, ఊళ్లో ఆర్‌ఎంపీ చేత సూది వేయించుకుని మర్నాడు మళ్లీ చేలోకి దిగడం మామూలు. డాక్టరు దగ్గరికి వెళ్లినా కుట్టు దారం ఒంటికి పడలేదనో, హెర్నియా అనో, కొవ్వు గడ్డ అనో పొరబడే అవకాశం ఉంది. నొప్పి అందరికీ నెలసరితోనే రాదు, చాలామందికి ఎప్పుడూ ఉంటుంది. అది రోగిని, వైద్యుణ్ణి ఇద్దరినీ తప్పుదారి పట్టిస్తుంది.

ఈ సీమలో అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. పిల్లలు చాలనుకున్నాక పొత్తికడుపులో నొప్పి వస్తే గర్భసంచి తీయించేసుకోవడం ఇక్కడ తేలికైపోయింది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 8.9 శాతం మందికి గర్భసంచి తీసేశారని తేలింది, రాష్ట్రాలన్నిటిలో అది ఎక్కువ. మచ్చ గడ్డకు ఆ ఆపరేషన్ మందు కాదు. అండాశయాలు పనిచేస్తున్నంతకాలం హార్మోన్లు అందుతూనే ఉంటాయి, గడ్డ అక్కడే ఉంటుంది. అండాశయాలూ తీసేస్తే చిన్న వయసులోనే ఎముకల బలం తగ్గడం మొదలవుతుంది. వేలెడు గడ్డ కోసం అంత మూల్యం చెల్లించడం అన్యాయం.

అసలు చికిత్స దానికంటే చిన్నది. మచ్చ మీద అల్ట్రాసౌండ్ చేస్తే గడ్డ జాడ తెలుస్తుంది, లోతు చూడటానికి ఎంఆర్ఐ పనికొస్తుంది. మాత్రలు నొప్పిని కొంతకాలం తగ్గిస్తాయి, ఆపితే తిరిగి వస్తుంది. గడ్డను చుట్టూ సెంటీమీటరు దాకా మంచి కండతో సహా తీసేయాలి. తీసిన ముక్కను కోసి చూస్తే తెల్లని నారలాంటి కండలో అక్కడక్కడా పాత రక్తం గోధుమ రంగు చుక్కలుగా కనిపిస్తుంది. కండర పొర మీద ఖాళీ పెద్దదైతే మెష్ వేసి మూస్తారు. పూర్తిగా తీస్తే తిరిగి రావడం తక్కువ. ఇది క్యాన్సర్‌గా మారడం చాలా అరుదే అయినా, తీసిన ముక్కను పరీక్షకు పంపడం తప్పనిసరి. కాన్పు ఆపరేషన్‌లో గర్భసంచి కుట్టిన సూదితో పొట్ట గోడను కుట్టకపోవడం, మూసేముందు కోత అంచులను కడగడం మంచిదని చాలామంది వైద్యుల సలహా.

సిజేరియన్ కుట్టు మీద గడ్డ తగిలే స్త్రీ, నొప్పి నెలసరితో పెరుగుతున్నా పెరగకపోయినా, డాక్టరుకు ఆ పాత కోత సంగతి ముందుగా చెప్పాలి. గర్భసంచి తీయించుకునే కాగితం మీద సంతకం పెట్టేముందు మచ్చకు స్కానింగ్ చేయమని అడగాలి.